పాత కిటికీల ఇల్లు

అనగనగా చలికొండల నడుమ హేమగిరి అనే చిన్న రాజ్యం. ఆ ఏడు మాఘమాసంలో మునుపెన్నడూ ఎరగనంత మంచు పడింది. ఊరి నారుమళ్లన్నీ ఒక్క వారంలో కమిలి నల్లబడిపోయాయి.

కోటలో మూడు దోసిళ్ల మిరప విత్తనాలే మిగిలాయి. రాజు వీరకేతుడు తోటమాలి నరహరిని పిలిచి, "ఊరందరికీ నారు నువ్వే పోయాలి. ఏం కావాలన్నా తెప్పిస్తాను," అన్నాడు.

నరహరి పనిమంతుడే. కాస్త గర్వం కూడా ఉంది. దూరదేశపు గాజు తెప్పించాడు. టేకు స్తంభాలు నిలిపాడు. చీమకైనా సందు లేకుండా అద్దాల ఇల్లు కట్టించాడు.

అదే సమయాన కోట వెనక చెత్త గోతిలో పోలేరవ్వ అనే ముసలమ్మ విరిగిన కిటికీలు ఏరుకుంటోంది.

"పెంట పోగుచేసి మేడ కడతావా అవ్వా?" అని నవ్వాడు నరహరి.

"మేడ కాదు నాయనా, ఇంట్లో దాచుకున్న గుప్పెడు మిరప గింజల నారుకో గూడు," అని ఆమె మూట ఎత్తుకుని పోయింది.

మొదటి దోసిలి చక్కగా మొలిచింది. ఓ మధ్యాహ్నం బాగా ఎండ కాసింది. నరహరి అద్దాల ఇంటి తలుపు తీశాడు. వేడి ఆవిరి మొహాన కొట్టింది. బయట మంచు కరగనేలేదు, లోపల మొలకలు మాత్రం ఉడికిన తోటకూరలా వాలిపోయి ఉన్నాయి. చలికి దడిసి కట్టిన ఇంట్లో నారు వేడికి చచ్చింది.

రెండో దోసిలి చల్లాడు. మొలకలు రాగానే ఈసారి కప్పు సగం తీయించాడు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే మొలక మొలకకూ మంచు పట్టింది. వేలితో తాకితే పుటుక్కున విరిగింది. నరహరి వెళ్లి రాజుకు చెప్పాడు.

"మూడోదీ పోతే ఊరికి పంట లేదు, నీకు కోటలో చోటు లేదు," అన్నాడు రాజు.

నరహరి దిక్కుతోచక ఊళ్లోకి నడిచాడు. పోలేరవ్వ పెరటి దగ్గర అతని కాళ్లు ఆగిపోయాయి. అతుకుల కిటికీల వెనక పచ్చగా, జానెడెత్తు మిరప నారు.

లోపలికి వంగి వెళ్లాడు. గోడలు మోకాలెత్తు మట్టివి. మీద వెదురు బద్దలు, వాటి మీద పాత కిటికీలు. సందుల్లో గడ్డి కలిపిన బంకమన్ను. గోడవారగా నల్లటి కుండలు, నిండా నీళ్లు.

"ఈ కుండలెందుకు అవ్వా?" అని అడిగాడు.

"పగలు ఎండ తాగుతాయి, రాత్రి ఆ వేడిని వదులుతాయి. పైన ఆ ఒక్క కిటికీ ఉంది చూశావా, మధ్యాహ్నం తెరుస్తాను, పొద్దు వాలకముందే మూస్తాను. మనకు లాగే మొక్కకూ ఊపిరాడాలి కదయ్యా."

ఇంత చిన్న సంగతి తనకు తట్టనందుకు నరహరి నిర్ఘాంతపోయాడు. కిటుకు తెలిసింది, కోటలో అదే చేసి తన గొప్పగా చెప్పుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు తనకే సిగ్గేసింది. తిన్నగా రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, నాకు చేతకాలేదు. చేతనైన మనిషిని చూశాను. ఈ మూడో దోసిలి ఆమెకివ్వండి."

రాజు స్వయంగా వచ్చాడు. పెరట్లో అడుగుపెట్టి, చిలకలు చెక్కిన ఓ కిటికీ ముందు ఆగిపోయాడు. అది తన తల్లి గదిది. పాతబడిందని తానే పారేయమన్నాడు. ఇప్పుడు దాని వెనక ఊరి తిండి పెరుగుతోంది.

చెక్కిన చిలకను వేలితో తడిమి ఆయన ముసలమ్మ వైపు తిరిగాడు. "ఏం కావాలో కోరుకో అవ్వా."

"మీ కొట్లో మూలపడ్డ కిటికీలు, తలుపులు ఇప్పించండి ప్రభూ. ఒక్క గూడు ఊరికి చాలదు."

నెల తిరిగేసరికి పెరటి పెరటికీ ఓ అతుకుల గూడు లేచింది. మట్టి తొక్కి గోడలు పెట్టింది నరహరే. మూడో దోసిలిలో ఒక్క గింజా వృథా పోలేదు. ఆ ఏడు హేమగిరిలో మిరప పండని చేను లేదు.

అందుకే పెద్దలంటారు: వస్తువు విలువ వాడే తెలివిలో ఉంది, మనిషి విలువ తెలియనిది తెలియదని ఒప్పుకోవడంలో ఉంది.