గానుగింటి ఊ

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక పట్నం. పట్నం చివర ఒక గానుగిల్లు. కథ చెప్పేవాళ్ళకి ఊ కొట్టేవాళ్ళు ఉండాలి కదా పిల్లలూ, మీరూ ఊ కొట్టండి, కానీ విని కొట్టండి. ఎందుకంటే ఈ కథంతా ఆ ఒక్క అక్షరం తెచ్చిన తంటాయే.

ఆ ఇంట్లో నాంచారమ్మ అనే ఇల్లాలు గానుగ ఆడించేది. ఆమె మగడు గవరయ్య నూనె కుండల్ని కావడిలో మోసుకుని ఊరూరా తిరిగి అమ్మి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, పేరు పున్ని, ఆరేళ్ళ పిల్ల. పొద్దు పొడిచింది మొదలు అమ్మ చెయ్యి ఆగదు, కళ్ళు తెరిచింది మొదలు పిల్ల నోరు ఆగదు.

ఆ ఏడు కార్తీకం దగ్గరపడింది. కోట చుట్టూ దీపాలు పెట్టించాలని రాజుగారు సంకల్పించాడు. నూనె నాంచారమ్మ గానుగ నుంచే రావాలన్నాడు. ఇంకేముంది, ఎద్దు తిరుగుతూనే ఉంది, రోకలి కిర్రుమంటూనే ఉంది, నాంచారమ్మ గుప్పెడు గుప్పెడు నువ్వులు రోట్లోకి తోస్తూనే ఉంది. పున్ని పక్కనే గట్టు మీద కూర్చుని ఊసులు చెబుతూ ఉండేది. అమ్మ "ఊ, ఊ" అంటూ ఉండేది.

గానుగెద్దుకి కళ్ళకే గంతలు. పనిలో మునిగిన మనిషికి చెవులకి కూడా ఉంటాయి. అలాగని నాంచారమ్మని మీరు తిట్టుకోకండి. ఆమె కష్టమంతా ఆ పిల్ల కోసమే. గవరయ్య మాత్రం తక్కువ తిన్నాడా? రాత్రి కంచం ముందు కూర్చుని అతనూ మీసాల్లోంచి ఊ అనేవాడు.

ఒకరోజు పున్ని పరుగున వచ్చింది.

"అమ్మా, గూట్లోంచి గోరింక పిల్ల పడిపోయింది. పెంచుకోనా?"

"ఊ" అంది నాంచారమ్మ, నువ్వులు తోస్తూ.

నాలుగు రోజులు పోయాక చూస్తే, దేవుడి గూటి పక్కన దూలం మీద గోరింక దర్జాగా కూర్చుని ఉంది. "ఇదెవరు తెచ్చారే?" అని అడిగింది తల్లి. "నువ్వే ఊ అన్నావుగా" అంది పిల్ల. నాంచారమ్మ నవ్వేసి మళ్ళీ గానుగ దగ్గరికి పోయింది.

ఇంకోరోజు పున్ని మళ్ళీ వచ్చింది.

"అమ్మా, వీధిలో మేకలు పాపం ఆకలిమీద ఉన్నాయి. తెలకపిండి పెట్టనా?"

"ఊ" అంది నాంచారమ్మ.

కాసేపటికి ఒక ఒంటికొమ్ము మేక ముందు నడవగా వీధి మేకలన్నీ వాకిట్లో చేరాయి. ఎద్దు కోసం దాచిన తెలకపిండి గంప అడుగుదాకా నాకేసి, గడ్డాలు తుడుచుకోకుండా వెళ్ళిపోయాయి. ఈసారి తల్లికి నవ్వు రాలేదు.

"నువ్వే ఊ అన్నావుగా" అంది పున్ని, బెదురుతూ.

"నా ప్రాణం తియ్యకే తల్లీ. నువ్వు కబుర్లు పెట్టకపోతే ఈపాటికి ఇంకో వాయి నూనె దిగేది" అని విసుక్కుంది నాంచారమ్మ. ఆ మాట అని ఆమె మరిచిపోయింది. పిల్లలు అలాంటివి మరిచిపోరు.

ఆ మర్నాడు మధ్యాహ్నం పున్ని వచ్చి, గట్టు మీద కూర్చోకుండా అమ్మ వెనకాలే నిలబడింది. ఎద్దు రెండు చుట్లు తిరిగేదాకా ఆగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అమ్మా, నేను ఇంట్లో లేకపోతే నీకు పని తొందరగా అవుతుందా?"

"ఊ" అంది నాంచారమ్మ.

"అయితే అమ్మమ్మ వాళ్ళూరు వెళ్ళిపోనా?"

"ఊ" అంది నాంచారమ్మ.

ఎద్దు తిరుగుతోంది. నూనె కారుతోంది. పిల్ల లోపలికి వెళ్ళి తన పావడా ఒకటి, కొయ్యబొమ్మ ఒకటి మూట కట్టుకుని వాకిలి దాటి పోయింది. అమ్మ తల తిప్పలేదు.

సందె వేళ అయింది. నాంచారమ్మ ఎద్దుని విప్పి, కాళ్ళు కడుక్కుని, దేవుడి గూట్లో దీపం పెట్టింది. పున్ని వీధిలో ఆడుకుంటోందనే అనుకుంది. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, అలసిన ఒంటితోనే దేవుడితో చెప్పుకోవడం మొదలుపెట్టింది.

"స్వామీ, నడుము పట్టేసింది. నా కష్టం చూస్తున్నావా?"

"ఊ" అని వినిపించింది.

నాంచారమ్మకి ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళుగా మొక్కుతోంది, దేవుడు పలకడం ఇదే మొదలు. కళ్ళు తెరవడానికి కూడా భయపడి, గబగబా తన బాధలన్నీ చెప్పుకుంది. ప్రతి దానికీ ఊ అనే జవాబు వచ్చింది. ఆమెకి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"కార్తీకం దాకా నన్ను నిలబెడతావు కదా స్వామీ?"

"ఊ."

"నా ఎద్దుకి ఏ కీడూ రాదు కదా?"

"ఊ."

ఇక్కడ ఆమెకి చిన్న అనుమానం వచ్చింది. రాదని ఊ అన్నాడా, వస్తుందని ఊ అన్నాడా? "నేనేం అడిగానో ఒకసారి చెప్పు స్వామీ" అంది.

"ఊ."

కళ్ళు తెరిచి చూసింది. దూలం మీద గోరింక మెడ వంచి ఆమెనే చూస్తోంది.

నాంచారమ్మకి ఎక్కడలేని రోషం వచ్చింది. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ. గుండె విప్పి చెప్పుకుంటుంటే, ఒక్క ముక్క వినకుండా ఊ అంటావా?"

గోరింక రెక్క విదిల్చి, మనిషిలాగే మాట్లాడింది. "నా తప్పేముందమ్మా? ఈ ఇంట్లో రోజంతా నాకు వినబడేది అదే మాట. అదే నేర్చుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం ఇంకో మాట కూడా విన్నాను. చెప్పనా?"

చెప్పమంది నాంచారమ్మ. అప్పుడా పిట్ట అచ్చం పున్ని గొంతుతో పలికింది. "అమ్మా, నేను ఇంట్లో లేకపోతే నీకు పని తొందరగా అవుతుందా?" వెంటనే నాంచారమ్మ గొంతుతో "ఊ" అంది. "అయితే అమ్మమ్మ వాళ్ళూరు వెళ్ళిపోనా?" అంది. మళ్ళీ "ఊ" అంది.

నాంచారమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. అమ్మమ్మ ఊరు ఏటికి అవతల ఉంది. రేవు వైపు పరుగెత్తింది. పడవ వెళ్ళిపోయి ఉంటుందేమో, పిల్ల ఒంటరిగా నీళ్ళలోకి దిగి ఉంటుందేమో అనుకుంటూ దారిలో ఎక్కడా ఆగలేదు.

రేవులో ఆఖరి పడవ ఇంకా కదల్లేదు. మెట్ల మీద, మూట ఒళ్ళో పెట్టుకుని పున్ని కూర్చుని ఉంది. పడవ నడిపే తాత నాంచారమ్మని చూసి అన్నాడు. "మీ పిల్లేనా అమ్మా? పెద్దవాళ్ళు లేకుండా ఎక్కించుకోనన్నాను. 'మా అమ్మని అడిగే వచ్చాను, ఊ అంది' అని ఒకటే పోరు."

నాంచారమ్మకి ఏడుపొచ్చింది. పిల్లని చంకనేసుకుని ఇంటికి లాక్కుపోవాలనిపించింది. కానీ అలా చెయ్యలేదు. పక్కన మెట్టు మీద కూర్చుంది. నువ్వులు లేక చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగు మెలితిప్పాయి. కొంగు వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల ముఖంలోకి చూసింది. కూతురి ముందుపన్ను ఊడిందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"పన్ను ఎప్పుడు ఊడిందే?"

"మొన్న. నీకు చెప్పాను. ఊ అన్నావు."

"నేను వినలేదమ్మా. ఇప్పుడు చెప్పు."

పున్ని నమ్మకం లేకుండానే మొదలుపెట్టింది. జామకాయ కొరికితే పన్ను అందులో ఉండిపోయిందట. దాన్ని ఇంటి మీదికి విసిరితే మేక మీద పడిందట.

"ఏ మేక? ఆ ఒంటికొమ్ము మేకేనా?" అని అడిగింది నాంచారమ్మ.

పున్ని ఆగి, అమ్మని ఎగాదిగా చూసింది. అప్పుడు మొదలైంది అసలు కథ. పన్ను కథ, మేక కథ, మేకకి కోపమొచ్చిన కథ. తల్లి వింటోంది. ఏటి గాలి తగులుతోంది, పిల్ల జుట్టులో తెలకపిండి వాసన వస్తోంది, గూడెక్కిన పిట్టల సందడి సద్దుమణుగుతోంది. ఎన్నాళ్ళుగానో ఆమె మనసు ఒక చోట కూర్చోలేదు. ఇప్పుడు ఆ మెట్టు మీద అదీ కూర్చుంది. దేవుడి గూటి ముందు దొరకని నిమ్మళం ఆమెకి అక్కడ దొరికింది.

పడవ తాత తాడు విప్పుతూ, "ఎక్కుతారా, మానుతారా?" అని అడిగాడు.

పున్ని మూట దగ్గరికి లాక్కుంది. అమ్మ కళ్ళలోకి చూస్తూ అడిగింది. "నేనుంటే నీకు పని ఆలస్యమవుతుంది కదమ్మా?"

అబద్ధం చెప్పడం నాంచారమ్మకి చేతకాదు. "అవుతుంది తల్లీ. అవనీ" అంది.

"మరి వెళ్ళిపోనా?"

"ఊహూఁ" అంది అమ్మ.

పున్ని మూట వదిలేసి అమ్మ మెడ కౌగిలించుకుంది. పడవ ఖాళీగానే వెళ్ళింది.

ఆ తర్వాత నాంచారమ్మ గానుగ మానేసిందా అంటే, లేదు. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది? పిల్ల వస్తే, "ఆగమ్మా, ఈ గుప్పెడు వేసి వస్తాను" అనేది. వచ్చి గట్టు మీద కూర్చుని, విన్నాకే మళ్ళీ లేచేది. గవరయ్య కూడా కంచం ముందు మీసాలు పక్కకి తోసి మాట్లాడటం నేర్చుకున్నాడు. కోటకి నూనె కాస్త ఆలస్యంగానే చేరింది. అయినా దీపాలన్నీ చక్కగానే వెలిగాయి, రాజుగారు ఏమీ అనలేదు.

ఇక ఈ కథ గానుగింట్లోనే పడుకుంటుంది, మీరు మీ ఇళ్ళకి పొండి. పోతూ పోతూ మీ అమ్మానాన్నలకి ఈ మాట చెప్పండి: చేతులు పనిలో ఉంటే తప్పులేదు, బిడ్డ మాట్లాడేటప్పుడు మనసు మాత్రం బిడ్డ పక్కన కూర్చోవాలి.