అమావాస్యకి లెక్కగట్టిన నడక

అనగనగా ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఒరేయ్, కాళ్లు తన్నుకోకుండా వినండి! అమావాస్య వెళ్లిన మర్నాడు కరాళుడనే మాంత్రికుడు ఆ రాజుని శపించాడు. పాదాల దగ్గర మొదలైన రాయి రోజుకింత పైకి పాకుతోంది. మళ్లీ అమావాస్య దాటితే తల కూడా రాయే.

"చేతనైతే సముద్రం ఒడ్డున ఇరవై రెండు రోజులు నడిచొచ్చి, నల్లరాయి మీది పంజరంలోని చిలకని పట్టుకోండి, నా ప్రాణం దాన్లోనే ఉంది. పడవెక్కినా, మూట ఇంకొకడికిచ్చినా, ఎవరి చేతి నీళ్లు తాగినా మీరూ రాళ్లే!" అని పకపకా నవ్వి ఎగిరిపోయాడు.

పెద్దవాడు వెండి కంచం, పట్టు పరుపు, మూడు కుండల నీళ్లు మోసుకు బయల్దేరాడు. మూడో రోజుకే ఇసకలో కూలబడి, "కాస్త ఈ మూట పట్టుకో నాయనా" అని ఎవరికో ఇచ్చాడు. అంతే, రాయి! నడిపివాడు చేతులూపుకుంటూ పోయాడు. ఐదో రోజు నాలుక పిడచకట్టి గొల్లవాడి ముంత అందుకున్నాడు. వాడూ రాయే.

చిన్నవాడు సారంగుడు మాత్రం శాపం తగిలిన రోజే పల్లెకారుల పేటకి వెళ్లి, వల అల్లుకుంటున్న ముత్యాలు అనే పిల్ల ముందు నిలబడి సంగతంతా చెప్పాడు. "తీరం నడక నాకు రాదు. నేర్పుతావా?"

"నేర్పుతాను గానీ తొందరపడకూడదు దొరా. చిలక ఉన్న నల్లరాయి చుట్టూ సుడులే. అమావాస్య మధ్యాహ్నం ఒక్కసారే అక్కడ నీళ్లు వెనక్కి తీస్తాయి. నడక ఇరవై రెండు రోజులు కదా, ఎనిమిది రోజులు ఆగి బయల్దేరు."

"ఆగడమా! అక్కడ మా నాన్న రాయైపోతుంటేనా!" సారంగుడికి ఏడుపొచ్చేసింది.

"ముందు పోయి సుడిలో పడితే నాన్న బతుకుతాడా?"

కళ్లు తుడుచుకుని ఆగిపోయాడు పాపం. ఆ ఎనిమిది రోజులూ మూట కట్టించి ఇసకలో నడిపించింది. భుజం కమిలినప్పుడల్లా ఒకటి తీయించింది. కిరీటం పోయింది, రెండో కత్తి పోయింది, అత్తరు బుడ్డీ పోయింది. చివరికి మిగిలినవి అటుకులు, బెల్లం, ఎండుచేపలు, ఒక గోనెపట్టా. వాటి మీద కొబ్బరిచిప్ప పెట్టింది.

"ఇదెందుకు?"

"చెలమ తవ్వడానికి. ఇసకదిబ్బ వెనక తవ్వితే తియ్యటి నీళ్లూరతాయి. నీ చేత్తో తోడుకున్నవి ఎవరి నీళ్లూ కావు."

సారంగుడు నడిచాడు, నడిచాడు. దాహమైతే చెలమ తవ్వాడు, పోటెక్కితే దిబ్బ మీద పడుకున్నాడు. సరిగ్గా అమావాస్యనాడు నల్లరాయి ఎదుట కూర్చుని అటుకులు నములుతున్నాడు.

"సుడిలో దూకవేం?" అని గాల్లోంచి వెక్కిరించాడు కరాళుడు.

"నీళ్లు పోనీ."

"ఎక్కడికి పోతాయిరా?"

పుట్టాక ఒక్కనాడూ ఒడ్డున నడవని వాడికేం తెలుసు! చూస్తుండగానే సముద్రం వెనక్కి జరిగింది. సారంగుడు పాదాలు తడవకుండా రాయెక్కాడు.

"నన్ను చంపకు. తలుపు తీస్తే చాలు, వాడి ప్రాణం తీసుకుని ఎగిరిపోతా" అంది చిలక.

తలుపు తీశాడు. చిలక ఆకాశంలోకి, కరాళుడు బూడిదలోకి! గొంతుదాకా రాయైన రాజు ఒళ్లు విదిలించుకుని లేచి, "నా చిన్నోడేడీ?" అన్నాడు. అన్నలిద్దరూ లేచారు.

సారంగుడు తిన్నగా పేటకెళ్లాడు. "ముత్యాలూ, నన్ను పెళ్లాడతావా?"

"నా మూట నేనే మోసుకుంటాను, సరేనా?"

సరేనన్నాడు. పెళ్లి ఏడు రోజులు జరిగింది. వాళ్లు అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ఏటా ఎవరి మూట వాళ్లు మోసుకుని ఆ ఒడ్డంతా నడిచేవారు. సింహాసనం పక్కన రాజదండం ఉండాల్సిన చోట ఆ కొబ్బరిచిప్పే ఉండేది. కథ అయిపోయింది, లేవండి. ఎవరి చాప వాళ్లే చుట్టుకోవాలి!