ఒక్క ఇంటి మూడు ప్రశ్నలు

మండపేటలో పాత రైసుమిల్లు వీధిలో సత్యవేణి అనే ఆవిడ ఉండేది. ఆవిడకు తెలియని సంగతంటూ దాదాపు లేదు, ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే ఓపిక మాత్రం లేదు.

వీధి మొదట్లో ఆవిడకు చిన్న కొట్టు ఉండేది. జిరాక్సులు తీసేది, పాడైన కంప్యూటర్లు బాగుచేసేది. తండ్రి కార్ల షెడ్డు నడిపిన మనిషి కాబట్టి కార్ల సంగతులు చిన్నప్పుడే ఒంటబట్టాయి. పుట్టింట్లో ఎప్పుడూ కుక్కో పిల్లో ఉండేది. ఇక ఒక అత్తగారితో, ఇద్దరు తోడికోడళ్ళతో ఒకే వంటింట్లో నెట్టుకొచ్చిన మనిషికి కాపురాల తగాదాలు ఒకరు నేర్పాలా? అందుకే ఆ వీధిలో ఎవరికి ఏ చిక్కొచ్చినా తిన్నగా సత్యవేణి కొట్టుకే వచ్చేవారు.

మొదట్లో ఆవిడకది గొప్పగానే ఉండేది. రానురాను ప్రాణం మీదికొచ్చింది. పొద్దున షట్టరు ఎత్తకముందే గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. కంచం ముందు కూర్చుంటే ఫోను మోగేది. పిల్లి పాలు ముట్టడం లేదని ఒకరు, కంప్యూటరు తెర నల్లగా ఉండిపోయిందని ఒకరు, ఆడపడుచు మళ్ళీ అలిగి వెళ్ళిందని ఒకరు. ఒకసారి మేనల్లుడి పెళ్ళికి వెళ్తే, తలంబ్రాల వేళ పక్కన కూర్చున్న పెద్దమనిషి తన కారు లీటరుకు ఎంత ఇస్తోందో చెప్పడం మొదలుపెట్టాడు. ఊరికే దొరికే సలహా ఎవరికి చేదు?

ఆవిడ విసిగిపోయింది. ఆ విసుగులోంచి ఓ అలవాటు పుట్టింది. అడిగేవాళ్ళు సగం చెప్పేసరికి, మిగతా సగం తనకు తెలుసన్నట్టు జవాబు చెప్పి పంపేసేది. పిల్లి అనగానే నులిపురుగుల మందు వెయ్యమనేది. కంప్యూటరు అనగానే ఆపి మళ్ళీ వెయ్యమనేది. కారంటే బ్యాటరీ చూపించమనేది, అలకంటే రెండు రోజులు ఊరుకోమనేది. చిత్రమేమిటంటే చాలాసార్లు ఆ జవాబులే సరిపోయేవి. దాంతో అలవాటు ఇంకా ముదిరింది.

యంత్రాల దగ్గర మాత్రం ఆవిడ తీరు వేరు. కంప్యూటరు బల్లమీద పెడితే మూత విప్పి, ఫ్యానుకు చెవి ఆనించి, చప్పుడు ఎక్కడ తేడా వస్తోందో కళ్ళు మూసుకుని వినేది. ఆ చెవి మనుషులకు ఇచ్చేది కాదు. పాపం, అలిసిపోయిన మనిషి. తప్పు పట్టడానికి మనకూ మనసొప్పదు.

కొట్టుకు కాస్త అవతల నూకరాజుగారి ఇల్లు. ఆయన కాలవ మీద నీళ్ళు వదిలే లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు ఫణి, కోడలు హైమ ఆయన దగ్గరే ఉండేవారు. హైమకు అప్పుడు ఏడో నెల. అంతకు ముందు ఒకసారి కడుపు నిలవలేదు కాబట్టి ఈసారి ఇల్లంతా ఆమె చుట్టూనే తిరిగేది. డాక్టరు రమ్మన్నప్పుడల్లా ఫణి ఆమెను తన పాత కారులో జాగ్రత్తగా కాకినాడ తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. సత్యవేణికి కూడా హైమంటే ప్రాణం. ఆ పిల్ల కోసం సున్నుండలు చేసి డబ్బాతో పంపింది. ఈ బిడ్డ క్షేమంగా భూమ్మీద పడాలని మొక్కుకుంది కూడా.

ఆ ఎండాకాలంలోనే వీధి చివరనున్న పాత మిల్లు గోదాము పడగొట్టారు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం నూకరాజుగారు కొట్టుకు వచ్చాడు. ఆయన ఏ సంగతైనా మొదలుపెడితే గోదావరి పుట్టిన చోటినుంచి మొదలుపెట్టే రకం. తమ కుక్క బుజ్జిగాణ్ణి కాలవ గట్టున చిన్న పిల్లగా ఎలా చూశాడో, తువ్వాల్లో చుట్టి ఇంటికెలా తెచ్చాడో చెప్పాడు. ఇన్నేళ్ళలో ఎవరి మీదా ఊరికే మొరగని కుక్క ఇప్పుడు తెల్లవార్లూ మొరుగుతోందన్నాడు. ఫణి విసుక్కుంటున్నాడని, పక్కింటివాళ్ళు కూడా మాట అన్నారని చెప్పాడు. అప్పటికే సత్యవేణి చెయ్యి జిరాక్సు మిషను మీద ఉంది.

"పెరట్లో కట్టెయ్యండి బాబాయిగారూ. సాయంత్రం పెందలాడే అన్నం పెట్టెయ్యండి. అదే ఊరుకుంటుంది" అంది.

"అది కాదమ్మా, వాడు ఎక్కడ నిలబడి..."

"ముందు కట్టి చూడండి."

నూకరాజుగారు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచి బుజ్జిగాణ్ణి పెరట్లో కట్టేశారు.

ఆ వారంలోనే రమాసుందరి టీచరుగారు కంప్యూటరు పట్టుకొచ్చారు. సత్యవేణి దానికి చెవి ఆనించి విని, మూత విప్పింది. లోపల కొరికిన వైర్లు, కాగితం ముక్కలు, నల్లటి పెంటికలు. అన్నీ తనే బ్రష్షుతో ఊడ్చి పారేసింది. గోదాము పడగొట్టాక ఎలకలన్నీ వీధిమీద పడ్డాయని, కంప్యూటరు వెనక ఉన్న కన్నం మూసి ఉంచమని టీచరుగారికి వివరంగా చెప్పింది. అది ఆవిడ చాలా ఇష్టంగా చేసిన పని.

తర్వాత హైమ వచ్చింది. కూరలు కొనుక్కుని వెళ్తూ ఎండకు ఆగింది. సత్యవేణి గబగబా కుర్చీ వేసింది, కుండలోంచి చల్లటి నీళ్ళిచ్చింది. మావయ్యగారికీ మా ఆయనకూ మాటల్లేవని హైమ చెప్పడం మొదలుపెట్టింది. గొడవంతా కుక్క గురించేనని, మావయ్యగారు ఒకటంటే ఆయన ఇంకోటంటున్నాడని నెమ్మదిగా చెప్పుకొస్తోంది. అంతలో కరెంటు బిల్లు ప్రింటు కావాలంటూ ఎవరో వచ్చారు.

"మగవాళ్ళ అలకలు అంతేనమ్మా హైమా. రెండు రోజులు నువ్వు కల్పించుకోకు, వాళ్ళే కలుస్తారు. ఈ టైములో నువ్వు మనసు పాడుచేసుకోకూడదు" అంది సత్యవేణి.

అందులో ప్రేమ ఉంది, అబద్ధమేమీ లేదు. హైమ తలూపి, సంచీ తీసుకుని వెళ్ళింది.

చివరికి ఫణి వచ్చాడు. వచ్చాడంటే దిగనైనా లేదు, కొట్టు ముందు కారాపి కిటికీలోంచి పలకరించాడు. బుజ్జిగాడు పెరట్లో ఒకటే ఏడుస్తున్నాడని, గొలుసు లాగి లాగి మెడ కోసుకుంటున్నాడని చెప్పాడు. తోటలున్నవాళ్ళెవరికైనా ఇచ్చెయ్యమంది సత్యవేణి. ఆవిడ అప్పుడే అన్నానికి కూర్చోబోతోంది.

"అక్కా, కారులో ఈమధ్య పెట్రోలు వాసన కూడా..."

"నిండా కొట్టించావా? ఎండకు అలాగే వస్తుంది తమ్ముడూ. ట్యాంకు మూత గట్టిగా బిగించు."

"అది కాదక్కా, ఏసీ వేసినప్పుడే..."

"చెప్పాను కదా నాన్నా. చెయ్యి కడుక్కున్నాను."

ఫణి కారు కదిలించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు తండ్రికి చెప్పకుండా బుజ్జిగాణ్ణి రామచంద్రపురం దగ్గర తెలిసినవాళ్ళ కొబ్బరితోటలో వదిలి వచ్చాడు. నూకరాజుగారు ఆ రోజంతా ఖాళీ గొలుసు ముందు కూర్చున్నాడు. కొడుకును మాత్రం ఒక్క మాట అడగలేదు. సత్యవేణి ఇచ్చిన జవాబుల్లో దేనికది విడిగా చూస్తే వంక పెట్టడానికి లేదు. ఆ ఇంట్లో మాత్రం ఒక్కటీ పనికి రాలేదు.

ఆ తర్వాత హైమను డాక్టరుకు చూపించే రోజు వచ్చింది. కారు ఊరు దాటి కాలవ వెంబడి కొంత దూరం వెళ్ళేసరికి ముందు భాగంలోంచి పొగ వచ్చింది. ఫణి బ్రేకు తొక్కి, దిగి అటువైపు పరిగెత్తి, భార్యను దాదాపు ఎత్తుకుని దించాడు. ఆమె గట్టు మీద కూలబడింది. వాళ్ళ కళ్ళముందే బానెట్ కిందినుంచి మంట లేచింది. చేలల్లో ఉన్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి మట్టి కొట్టారు, కాలవ నీళ్ళు తోడి పోశారు. కారు ముందుభాగం మాడిపోయింది. మనుషులకు నిప్పు అంటలేదు గాని, ఆ భయానికి హైమకు నొప్పులు మొదలయ్యాయి. అదే దారిన పోతున్న ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బిడ్డ నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు.

కబురు తెలిసి సత్యవేణి కొట్టు మూసి కాకినాడ పరిగెత్తింది. ఆస్పత్రి వరండాలో నూకరాజుగారు బెంచీ మీద ఒక చివర, ఫణి ఇంకో చివర కూర్చుని ఉన్నారు. కారును చూసిన మెకానిక్కు ఏం చెప్పాడో ఫణి చెప్పాడు. బానెట్ లోపల ఎలకలు గూడు కట్టాయట. కొబ్బరిపీచు, గుడ్డ పీలికలు ఒక మూల ఇంకా మిగిలే ఉన్నాయట. పెట్రోలు వచ్చే రబ్బరు పైపును కొరికేశాయట. అందులోంచి కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడిందట.

సత్యవేణి వాళ్ళిద్దరి మధ్య బెంచీ మీద కూర్చుండిపోయింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"బాబాయిగారూ, బుజ్జిగాడు ఎక్కడ నిలబడి మొరుగుతున్నాడని ఆ రోజు చెప్పబోయారు?"

"కారు ముందేనమ్మా. బానెట్ మీద కాళ్ళు వేసి మొరిగేవాడు. లోపలేదో ఉంది, తీసి చూడరా అంటే వీడు రంగు గీరుకుపోతోందని కుక్కను కొట్టాడు. నీకు చెబుదామనే వచ్చాను. విసుక్కుంటావేమోనని ఊరుకున్నాను" అన్నాడు నూకరాజుగారు.

ఆయన గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే సత్యవేణికి కాస్త తేలిగ్గా ఉండేది. ముసలాయన చెప్పబోయిందీ, హైమ చెబుతూ ఆపిందీ, ఫణి కిటికీలోంచి అన్నదీ ఇప్పుడు ఒక్కచోట చేరాయి. అడిగింది ముగ్గురైనా చిక్కు ఒక్కటే. ఎలకలు వీధిమీద పడ్డాయని ముందుగా తెలిసింది తనకే. టీచరుగారి కంప్యూటరులోంచి వాటి గూడు ఊడ్చింది తన చేత్తోనే. ఎవరో ఒకరిని నోరారా మాట్లాడనిచ్చి ఉంటే, బానెట్ ఎత్తి చూడమని ఒక్క ముక్క చెప్పేది. దానికి బదులు ఆ ఎలకలను తరుముతున్న ఒక్క ప్రాణినీ కట్టేయించి, ఊరు దాటించింది.

ఆవిడ ఏడ్చింది. తప్పంతా తనదేనని వాళ్ళిద్దరి ముందూ ఒప్పుకుంది. తాము కూడా గట్టిగా చెప్పలేదు కదా అన్నాడు ఫణి.

"నేను చెప్పనిస్తే కదా తమ్ముడూ" అంది సత్యవేణి.

ఆ రాత్రి గడిచింది, ఇంకో రోజు గడిచింది. హైమకు నొప్పులు తగ్గాయి. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని, కాన్పు దాకా మంచం దిగకూడదని చెప్పి ఇంటికి పంపారు. ఆ మాట విన్నాక గాని సత్యవేణికి ముద్ద దిగలేదు.

మర్నాడే ఆవిడ నూకరాజుగారిని తీసుకుని కొబ్బరితోటకు వెళ్ళింది. బుజ్జిగాడు చిక్కి సగమయ్యాడు. మెడ చుట్టూ పుండు మానలేదు. పిలిస్తే వెంటనే రాలేదు. దూరంగా నిలబడి చాలాసేపు చూసి, అప్పుడు వచ్చి ముసలాయన పాదాల మీద తల పెట్టుకున్నాడు. ఆటోలో వస్తున్నంతసేపూ ఆయన వాడికేవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు, గోదావరి పుట్టిన చోటినుంచీ. సత్యవేణి ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

ఇంటికి రాగానే బుజ్జిగాడు తిన్నగా కారు ఉండే చోటికి పోయాడు. ఖాళీ నేలంతా వాసన చూశాడు. మొరగలేదు. అక్కడే చుట్ట చుట్టుకుని పడుకున్నాడు. ఫణి పెరట్లోంచి గొలుసు విప్పి తెచ్చి బయట పారేశాడు. తండ్రి పక్కన మెట్ల మీద కూర్చుని, కుక్క మెడకు ఏం మందు రాయాలో అడిగాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడి చాలా రోజులైంది.

దీంతో సత్యవేణి అలసట తీరిపోయిందనుకోకండి. మర్నాడు షట్టరు ఎత్తేసరికి గుమ్మంలో మళ్ళీ మనుషులున్నారు. పై వీధిలో ఉండే ఒకావిడ తన పిల్లి పాలు ముట్టడం లేదని మొదలుపెట్టింది. నులిపురుగుల మందు అన్న మాట సత్యవేణి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, ఆవిడకు స్టూలు జరిపింది.

"కూర్చోండి. మొదటినుంచీ చెప్పండి" అంది.

ఒంట్లో నిజంగా ఓపిక లేని రోజున మాత్రం, ఇవాళ వినలేనండి, రేపు రండి అని మొహం మీదే చెప్పేసేది. కొందరు నొచ్చుకున్నారు. ఆవిడకు పొగరు పెరిగిందని కూడా అన్నారు. హైమకు ఆడపిల్ల పుట్టిన రోజున అందరికంటే ముందు ఆ కబురు చెప్పడానికి నూకరాజుగారు కొట్టుకు వచ్చాడు. పొద్దుటినుంచి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ మిషను ఆపి మొత్తం విన్నది.

అలిసిపోయినప్పుడు, వినే ఓపిక లేదని చెప్పడంలో తప్పులేదు. ఎదుటివాళ్ళ మాట సగమే విని సలహా ఇవ్వడం మాత్రం, ఎంత తెలిసినవాళ్ళకైనా తప్పే.