సువార్తమ్మ పిడికిలి

అనగనగా కృష్ణ ఒడ్డున ఒక లంక ఊళ్ళో సువార్తమ్మ అనే మనిషికి అన్యాయం జరిగింది. ఎప్పుడంటే, కరువు వచ్చిన ఏడు, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు. చేసింది పరాయి మనిషి కాదు, సొంత తోడికోడలు రాహేలు. కాళ్ళు ముడుచుకుని పడుకో బంగారం, చెప్తాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టు.

ఆ ఊరి చర్చిలో ఒక పద్ధతి ఉండేది. ఆడవాళ్ళు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరున ఒక పిడికెడు బియ్యం పక్క కుండలో వేసేవాళ్ళు. శనివారం సువార్తమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఆ బియ్యం తెచ్చి చర్చి గదిలో పెద్ద డబ్బాలో పోసేది. దిక్కులేనివాళ్ళకి అదే కూడు.

ఆ కరువులో డబ్బాలో బియ్యం తరిగాయి. అప్పుడు రాహేలు నిండు సంఘంలో లేచింది. "మా అక్క ఒళ్ళో కట్టుకుని పోతుంటే నా కళ్ళతో చూశాను" అంది. తీసింది తనే! కానీ ముందు నోరు తెరిచింది కదా, నిజం తనదైపోయింది. పెద్దలు గడ్డాలు నిమురుకుని తీర్పు చెప్పారు. సువార్తమ్మ రొట్టె పుచ్చుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. ఆమె చేతి బియ్యం ఎవరూ ముట్టకూడదు. బడిలో ఆమె పిల్లల్ని బియ్యం దొంగలన్నారు.

ఆ తర్వాత కూడా సువార్తమ్మ ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు తీసి పెడుతూనే ఉంది. వాళ్ళు పుచ్చుకోకపోతే దేవుడి వాటా ఆగుతుందా? ఆదివారం వెళ్ళి వెనక చాప మీద కూర్చునేది. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరితో కలిసి చెప్పేది. 'మేం క్షమించినట్టే మమ్మల్ని క్షమించు' అనే మాట దగ్గరికి వచ్చేసరికి పెదవులు బిగించేది. దేవుడి దగ్గర అబద్ధమాడే రకం కాదు మరి.

కానీ ఆ ఒక్క మాట మింగీ మింగీ, మిగతా ప్రార్థన కూడా గొంతులో అడ్డం పడసాగింది. పోనుపోను మోకాళ్ళు వంగేవి, మాట వచ్చేది కాదు. రాహేలు నా పేరు పట్టుకుపోయింది, ఇప్పుడు నా దేవుణ్ణి కూడా పట్టుకుపోతోందా? అదే ఆమె భయం.

కొన్నేళ్ళు గడిచాయి. రాహేలు మొగుడి చెయ్యి వడ్ల మిల్లు బెల్టులో పడి నలిగింది. ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది. అప్పుడు గుర్తొచ్చింది రాహేలుకి, తనకో అక్క ఉందని.

మొదట పాస్టరుగారిని పంపింది.

"క్షమించెయ్యమ్మా, సంఘంలో శాంతి, సమాధానం ఉంటాయి."

"ఏం చేసిందో చెప్పిందా అయ్యగారూ?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా!"

"మరి దేన్ని క్షమించమంటారు? ఖాళీ గిన్నెలో గరిటె తిప్పమంటారా?"

పాస్టరుగారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత క్రిస్మస్ నాడు రాహేలు చర్చి గుమ్మంలో సువార్తమ్మ మెడ పట్టుకుని బావురుమంది. దేనికో మాత్రం చెప్పలేదు. చూసినవాళ్ళు "ఎంత మెత్తని మనసో రాహేలుది!" అన్నారు. సువార్తమ్మ ఆ చేతులు విడదీసి, "నా భుజం తడిసిందే గాని, నీ నోరు పెగల్లేదే" అంది.

మూడోసారి రాహేలు ఒక్కతే వచ్చింది. చేతిలో ఖాళీ చేట.

"నేనే తీశానక్కా. పిల్లలు ఆకలికి ఏడ్చారు."

"నా పిల్లలు ఏడవలేదా? సంఘంలో చెప్తావా ఈ మాట?"

"చెప్పలేనక్కా. నా పిల్లల్ని దొంగ పిల్లలంటారు."

"నా పిల్లల్ని అంటుంటే కమ్మగా ఉందా నీకు?"

తలుపు వేసేస్తే ఎవరూ తప్పు పట్టరు. సువార్తమ్మ చెయ్యి తలుపు మీదే ఉంది. వెయ్యలేదు. అప్పుడు లోపలికి వెళ్ళి, దేవుడి కుండలోంచి ఒకే ఒక పిడికెడు తెచ్చి చేటలో పోసింది.

"ఇవాళ నా వల్ల అయ్యేది ఇంతే. నిన్ను చూస్తే ఇంకా ఒళ్ళు మండుతోంది. రేపు ఎసరు వేళకి రా, చూద్దాం."

మర్నాడు రెండు పిడికిళ్ళు పోసింది, నాలుగు తిట్లు తిట్టింది. ఆ తర్వాత తిట్లు తగ్గాయి, బియ్యం పెరిగాయి. ప్రేమ మాత్రం పుట్టలేదు. అబద్ధమెందుకు చెప్పాలి?

ఈస్టరు వచ్చింది. సువార్తమ్మ ఎవరినీ అడగలేదు. లేచి వెళ్ళి ప్రభువు బల్ల ముందు మోకరించింది. సంఘ పెద్ద జక్కరయ్య అడ్డం వచ్చాడు.

"ఈమెది తప్పు కాదని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

రాహేలు చాప పుల్లలు పీకుతూ కూర్చుంది. పొద్దున తిన్నది సువార్తమ్మ ఇంటి బియ్యం!

పాత మంట ఒక్కసారి పైకి లేచింది. నోరు తెరిస్తే చాలు, రాహేలు బతుకు బజారున పడుతుంది. సువార్తమ్మ నోరు తెరిచింది. అన్నేళ్ళుగా మింగిన మాట, ప్రార్థనలోని ఆ క్షమించే మాట, పైకే అనేసింది. వేపాకు నమిలినట్టు ఉంది నాలుక మీద. అయినా పూర్తిగా అంది. ఆ వెనకే గొంతులో అడ్డం పడ్డవన్నీ ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చాయి. అంతసేపు ఆమె దేవుడితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

జక్కరయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. పాస్టరుగారు అతన్ని పక్కకి జరిపి, రొట్టె విరిచి ఆమె అరచేతిలో పెట్టారు.

రాహేలు చచ్చేదాకా నిజం చెప్పలేదు. పెద్దలు తప్పు ఒప్పుకోలేదు, ఒప్పుకునే రకాలా వాళ్ళు? సువార్తమ్మ ఆ చేదు రోజూ మింగుతూనే, రోజూ మళ్ళీ క్షమిస్తూనే బతికింది. ఆమెను బల్లకి దూరం పెట్టిన తేదీని సంఘం పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. ఆమె క్షమించిన తేదీని ఎవరూ రాయలేదు. నువ్వు గుర్తుపెట్టుకో తల్లీ: పంతొమ్మిది వందల అరవై మూడు, ఏప్రిల్ పద్నాలుగు.

కథ చేరింది కంచికి,
మనం చేరాం ఇంటికి,
చేదు మిగిలింది నోటికి,
ఇక నిద్ర రానీ కంటికి.