మూడో అంతస్తు లెక్క

మద్దిలేటి దగ్గర యాభై రెండు వేల రూపాయలున్నాయి. పద్నాలుగు నెలలు సెల్‌ఫోన్లకు గ్లాసులు అతికించి, చెడిపోయిన ఛార్జర్లు బాగుచేసి కూడబెట్టినవి. ఆ డబ్బుతో గేములాడే లాప్‌టాప్ కొనాలి. ఒక్కసారే కొనగలడు.

వచ్చే నెల కర్నూలులో పోటీ. జట్టుకు నలుగురు, ఒక్కో ఆట నలభై నిమిషాలు. కిందటేడు అరువు తెచ్చుకున్న లాప్‌టాప్ సగం ఆటలో నత్తలా పాకింది. అతని వల్లే జట్టు ఓడింది. ఈసారీ అట్లా జరిగితే వేరేవాణ్ణి చూసుకుంటామని మిగతా ముగ్గురూ ముఖం మీదే చెప్పేశారు.

మద్దిలేటికి లెక్కలంటే ప్రాణం. పద్నాలుగు లాప్‌టాప్‌ల పేర్లు పెద్ద కాగితం మీద గడులు గీసి రాశాడు. యూట్యూబ్‌లో పరీక్షించి చూపేవాళ్ళ వీడియోలన్నీ చూసి, తను ఆడే గేముకు ఏ లాప్‌టాప్ సెకనుకు ఎన్ని బొమ్మలు చూపిస్తుందో పక్కన వేశాడు. బొమ్మలు ఎక్కువైతే ఆట అంత నున్నగా సాగుతుంది. ఆ అంకెను ధరతో భాగించి, వెయ్యి రూపాయలకు ఎన్ని బొమ్మలు పడతాయో తేల్చాడు.

చివరికి రెండు మిగిలాయి. ధర ఇంచుమించు ఒకటే. ఒకటి పలకలా పలచగా ఉంటుంది, నూట పన్నెండు బొమ్మలు. రెండోది ఇటుకలా లావు, తొంభై నాలుగే. షోరూంలో పనిచేసే కుర్రాడు వచ్చి చూసుకోమని రెండుసార్లు ఫోన్ చేశాడు. అంకెలు చేతిలో ఉండగా చూసేదేముందని మద్దిలేటి పోలేదు.

అయినా డబ్బు కట్టేముందు ఉస్తాద్ నోటితో ఒక్క ‘సరే’ వినాలనిపించింది.

ఉస్తాద్ అంటే మహబూబ్ పీరా. నంద్యాలలో లాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు ఆయనది. మద్దిలేటి రెండేళ్ళుగా అక్కడే పని నేర్చుకుంటున్నాడు. పీరా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ లాప్‌టాప్ వచ్చినా ముందు స్క్రూడ్రైవర్ పట్టడు. దాన్ని నడిపించి, అడుగున అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకుంటాడు. వేడి ఎంతుందో డిగ్రీలతో సహా చెప్పే సాఫ్ట్‌వేర్ ఉండగా చెయ్యెందుకని మద్దిలేటి ఒకసారి అడిగాడు. నాడి చూస్తున్నానని ఆయన నవ్వాడు. అదేదో దర్గాలో నేర్చుకున్న అలవాటేమోనని మద్దిలేటి వదిలేశాడు.

పొద్దున కొట్టు తెరవగానే కాగితం బల్ల మీద పరిచాడు. ఏ గడిలో ఏముందో, ఎట్లా భాగించాడో ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. పీరా కళ్ళద్దాలు నొసటి మీదికి తోసి, కాగితం పైనుంచి కిందిదాకా చూశాడు.

“పెళ్ళికి జాతకాలు చూసినట్టు చూసినావు కదప్పా. పిల్లను చూసినావా?”

మద్దిలేటి సిగ్గుపడి, చూడలేదన్నాడు. కానీ అంకెలన్నీ నిజమైనవేనని, ఒక్కోటి మూడు వీడియోల్లో సరిచూశానని చెప్పాడు.

పీరా వాదించలేదు. గుమ్మం పక్కనున్న నీళ్ళ డబ్బా చూపించాడు. ఇరవై లీటర్లది. మూడో అంతస్తులో బట్టలు కుట్టే సుంకులమ్మక్కకు ఇచ్చి రమ్మన్నాడు. ఫ్యాన్లలో దుమ్ము ఊదేటప్పుడు ముఖానికి కట్టుకునే మందపాటి గుడ్డ తీసి, నాలుగు మడతలు వేసి, ముక్కూ నోరూ కప్పేలా మద్దిలేటికి తనే కట్టాడు.

“ఒక్కో అంతస్తుకు ఎంతసేపు పడుతుందో చూసుకో. నీకు లెక్కలంటే ఇష్టం కదా.”

ఇందులో ఏదో ఉందని మద్దిలేటికి అర్థమైంది. ఏమిటో తెలియలేదు. డబ్బా భుజానికెత్తుకుని, ఫోన్‌లో గడియారం నొక్కి ఉరికాడు. మొదటి అంతస్తు ఉత్సాహంగా ఎక్కేశాడు. రెండో అంతస్తు సగంలో గుడ్డ తడిసి పెదాలకు అంటుకుంది. మూడోది ఎక్కుతూ రెండుచోట్ల గోడకు ఆనుకున్నాడు.

పైన సుంకులమ్మక్క మిషను ఆపి చూసింది.

“ఏందప్పా, దొంగతనానికి వచ్చినావా? పట్టపగలు వస్తే ఎట్లా?”

మద్దిలేటి గుడ్డ లాగేసుకుని మెట్ల మీద కూలబడ్డాడు. నాలుగైదుసార్లు గుండెనిండా గాలి పీల్చాక గానీ లేవలేకపోయాడు.

కిందికి వచ్చేసరికి పీరా ఏదో బోర్డుకు తీగ అతుకుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

“ఎంత?”

“మొదటిది పద్నాలుగు సెకన్లు. రెండోది ఇరవై మూడు. మూడోది యాభై ఒకటి, ఉస్తాద్.”

“మూడోదానికి మెట్లు ఎక్కువున్నాయా?”

“లేదు. లెక్కపెట్టినా. అన్నిటికీ పద్దెనిమిదే.”

“కాళ్ళు మారినాయా?”

“అవే కాళ్ళు.”

పీరా తీగ అతకడం ముగించి, బోర్డు మీద ఉఫ్ అని ఊదాడు. తర్వాత బల్ల మీది కాగితం మద్దిలేటి వైపు జరిపాడు.

“మరి ఇందులో ఉండేవి ఏ అంతస్తు లెక్కలు?”

మద్దిలేటి కాగితం వంక చూశాడు. ఒక్కో వీడియో ఐదు నిమిషాలది. అందులో ఆట చూపించేది ఒక నిమిషం, అంతే. ఎంతసేపు చూసినా నూట పన్నెండు నూట పన్నెండులాగే ఉంది. కానీ అది మొదటి అంతస్తు లెక్క.

బల్ల చివర రిపేరుకొచ్చిన పలచటి లాప్‌టాప్ ఒకటి ఉంది. దాన్ని తిరగేశాడు. అడుగున, లోపలి వేడి తగ్గించే గాలి ఆడటానికి వెంట్రుకంత సన్నటి చీలికలు నాలుగున్నాయి. వాటి మీద వేలు పెట్టగానే పెదాలకు అంటుకున్న తడిగుడ్డ గుర్తొచ్చింది.

మద్దిలేటి పెన్సిలు తీసుకుని, భాగించిన అంకెలన్నీ వరసగా కొట్టేశాడు. పక్కన కొత్త గడి గీసి, పైన ‘నలభయ్యో నిమిషం’ అని రాశాడు. కింద ఖాళీగా వదిలాడు. గేము ఎక్కించిన హార్డ్‌డిస్క్ జేబులో వేసుకుని, ఒక పూట సెలవు అడిగాడు. పీరా పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

షోరూం అద్దాల్లోంచి రెండు లాప్‌టాప్‌లూ పక్కపక్కనే కనబడుతున్నాయి. ఫోన్ చేసిన కుర్రాడు లోపల్నుంచే గుర్తుపట్టి నవ్వాడు. రెండింటి దగ్గరా ఒక్కో గంట కూర్చుంటానంటే ఏమంటాడో.

మద్దిలేటి, నాడి చూడటానికని, ఎడమ అరచేతిని ప్యాంటుకు రుద్ది పొడిగా తుడుచుకున్నాడు. కుడిచేత్తో తలుపు తోశాడు.