మంచువాగు దాటిన గడ్డిమోపు

అనగనగా మనకి చాలా దూరంలో, ఆల్ప్స్ అనే కొండల నడుమ ఒక లోయ ఉండేది. చలికాలం వచ్చిందంటే అక్కడ ఎటు చూసినా మంచే. మంచంటే మీరు ఫ్రిజ్ పై అరలో గోటితో గీకి దొంగతనంగా నోట్లో వేసుకుంటారే, అంత కాదు. ఇంటి చూరు దాకా మంచు. కంచెలు కనబడవు, బండలు కనబడవు, దారి అసలే కనబడదు. కాలు వేస్తే నడుం దాకా దిగబడిపోతుంది.

మరి ఎలా నడుస్తారు? అక్కడివాళ్ళు కాళ్ళకి మంచు చెప్పులు కట్టుకుంటారు. సన్నటి కర్రని గుండ్రంగా వంచి, మధ్యలో తోలు తాళ్ళు అల్లుతారు. చూడడానికి మన పిండి జల్లెడలా ఉంటుంది. అడుగు వెడల్పయితే బరువు నాలుగు వైపులా పరుచుకుంటుంది, కాలు లోతుకి దిగదు. ఆ లోయలో మేకలూ గాడిదలూ కూడా ఇవే కట్టుకునేవి. నవ్వకండి. నాలుగు కాళ్ళకీ నాలుగు జల్లెడలు కట్టుకుని కొండ ఎక్కడం ఎంత కష్టమో కట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆ లోయలో ఒక మేక ఉండేది. మెడలో మువ్వ ఉండేది కాబట్టి పేరు మువ్వమ్మ. పక్క కొట్టంలో ఒక గాడిద ఉండేవాడు. ఎప్పుడో గానీ నోరు విప్పడు కాబట్టి అందరూ గంభీరయ్య అనేవారు. వాళ్ళ కొట్టాల వెనకే చిందు అనే తెల్లటి కుందేలు పిల్ల ఉండేది. దానికి మంచు చెప్పులతో పనే లేదు. వెడల్పాటి బొచ్చు పాదాలు పుట్టుకతోనే వచ్చాయి. మంచు మీద ఎగురుకుంటూ పోయేది, ఒక్క కాలూ దిగేది కాదు. ఆ సంగతి దానికి బాగా తెలుసు. లోయలో అందరికీ తెలియాలని కూడా దాని కోరిక.

ఒకరోజు పొద్దున్నే కొండకాకి ఎగురుకుంటూ వచ్చి కొట్టం తలుపు మీద వాలింది.

"మువ్వమ్మా! పైన రాతి పాకలో బొద్దమ్మకి గడ్డి అయిపోయింది. నిన్నటి నుంచి ఎండుటాకులు నములుతోంది. పిల్లకి పాలు రావడం లేదు" అంది.

బొద్దమ్మ అంటే ఒక గొర్రె. ఆకురాలే కాలంలో మంద కిందికి దిగుతుంటే కాలు బెణికి పైనే ఉండిపోయింది. తర్వాత మంచు పడింది. ఆ మంచులోనే పిల్ల పుట్టింది.

"సాయంత్రానికి మళ్ళీ మంచు పడేలా ఉంది. పడిందంటే ఇక చాలా రోజులు ఎవరూ ఎక్కలేరు" అని కాకి పడమటి శిఖరం వైపు చూపించింది. అక్కడ నల్లటి మబ్బు కూర్చుని ఉంది.

మువ్వమ్మ లేచి నిలబడింది.

"నిరుడు నేను జబ్బు పడితే నా పిల్లకి తన పాలిచ్చి బతికించింది బొద్దమ్మక్క. ఇవాళ ఆమె పిల్ల ఆకలితో ఏడుస్తుంటే నేనిక్కడ నెమరు వేసుకుంటూ కూర్చోనా? నేను వెళ్తున్నా" అంది.

"గడ్డి నేను మోస్తా" అన్నాడు గంభీరయ్య. ఆ రోజుకి అదే పెద్ద ఉపన్యాసం.

వీపుకి ఆ పక్కొక మోపు, ఈ పక్కొక మోపు కట్టుకున్నాడు. ఇద్దరూ మంచు చెప్పులు బిగించుకున్నారు. చిందు గెంతుకుంటూ వచ్చింది.

"నేనూ వస్తా మువ్వత్తా! ముందు నేనే నడుస్తా!" అంది.

ఆ లోయలో ఒక పద్ధతి ఉంది. మంచు పడకముందే దారి పొడుగునా ఎర్ర తల కర్రలు పాతుతారు. మంచులో ఆ కర్రలే దారి. ముందు నడిచేవాళ్ళు మెత్తటి మంచుని తొక్కి గట్టి చేస్తారు. వెనకవాళ్ళు ఆ అడుగుల్లోనే అడుగులు వేస్తారు. అందుకని ముందున్నవాళ్ళకే కష్టమంతా. ప్రతి కర్ర దగ్గరా ముందున్నవాళ్ళు పక్కకి తప్పుకుని వెనక్కి వెళ్ళాలి, ఇంకొకరు ముందుకి రావాలి.

మొదట మువ్వమ్మ ముందు నడిచింది. తర్వాత గంభీరయ్య. మూడో కర్ర దగ్గర చిందు వంతు వచ్చింది. అది రివ్వున దూసుకుపోయింది. గంభీరయ్య దాని వెనక అడుగు వేశాడు. చెప్పుతో సహా మోకాలి దాకా దిగబడ్డాడు.

"నువ్వు వెళ్ళావు గానీ దారి పడలేదే పిల్లా" అన్నాడు.

"నేను దిగబడను కదా మావయ్యా, అందుకని" అని చిందు కిలకిలా నవ్వింది. అదేదో మెప్పు అనుకుంది పాపం.

ఇంకాస్త దూరం పోయాక కర్రల వరస కుడివైపు తిరిగింది. అటు చాలా దూరంలో వాగు మీద చెక్క వంతెన ఉంది. వంతెన దాటి, అవతలి ఒడ్డున మళ్ళీ ఇంత దూరమూ వెనక్కి రావాలి.

చిందు ఆగింది. "ఇంత చుట్టు ఎందుకు? వాగు ఇక్కడే ఉంది. మంచు నిండిపోయింది. నేను రోజూ ఇక్కడే దాటుతా" అంది. అవతలికి ఒక్క గెంతులో వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళొచ్చింది. "చూశారా? గోరు కూడా దిగలేదు!"

"కర్రల దారే మంచిది" అన్నాడు గంభీరయ్య.

మువ్వమ్మ మబ్బుని చూసింది. మబ్బు సగం ఆకాశం ఎక్కేసింది. దాని చెవిలో బొద్దమ్మ పిల్ల ఏడుపే వినబడుతోంది.

"ఆలస్యమైతే అసలే చేరలేం అన్నయ్యా. ఇటే పోదాం" అంది.

వంతు గంభీరయ్యది. అతను ముందు కాలు వేశాడు. రెండో కాలు వేశాడు. కింద ఏదో కిర్రుమంది. అంతే! మంచు కప్పు విరిగి, గడ్డితో సహా వాగులో పడ్డాడు. పైన చూస్తే నేలలాగే ఉంది గానీ, కింద నీళ్ళు పారుతూనే ఉన్నాయి మరి.

మువ్వమ్మ మోపు కట్టిన తాడుని పళ్ళతో పట్టి లాగింది. గంభీరయ్య రాళ్ళ మీద కాళ్ళు తన్ని, ఆయాసపడుతూ ఇవతలి ఒడ్డుకే ఎక్కాడు. ఒక మోపు నీళ్ళలో కొట్టుకుపోయింది. వెనక కాలి చెప్పు ముక్కలైంది.

"నాకు విరగలేదు కదా మరి!" అంది చిందు, బిక్కమొహం వేసుకుని.

"నీకు విరగదే అమ్మడూ. నువ్వొక్కదానివే వెళ్ళేటట్టయితే అది మంచి దారే" అన్నాడు గంభీరయ్య వణుకుతూ.

చిందు చెవులు వాలిపోయాయి. సిగ్గేసింది. ఇంటికి పారిపోదామనిపించింది. పారిపోతే ఎవరూ ఆపరు కూడా.

"వెనక్కి వెళ్ళిపోదామా అన్నయ్యా? అంతా నా తొందర వల్లే" అంది మువ్వమ్మ కళ్ళ నీళ్ళతో.

"ఇంకో మోపు ఉంది కదా. నిలబడితేనే చలి. నడువు" అన్నాడతను.

ఆ మాట విని చిందు పారిపోలేదు. విరిగిన చెప్పులోంచి పొడవాటి కర్రముక్క లాగి తీసుకుంది.

"అత్తా, నా కాళ్ళకి కింద ఏముందో తెలియడం లేదు. దీంతో పొడిస్తే తెలుస్తుందా?" అని అడిగింది.

"తెలుస్తుంది. ఠక్కున తగిలితే నేల. సర్రున దిగిపోతే బోలు" అంది మువ్వమ్మ.

మళ్ళీ కర్రల దారికి వచ్చారు. వంతెన దాటారు. అవతల చూస్తే గాలికి మంచు మేటలు వేసి, కర్రలన్నీ మునిగిపోయాయి. ఎర్ర తల ఒక్కటీ లేదు.

చిందు ముందుకెళ్ళింది. ఈసారి గెంతలేదు. ఒక చోట కర్ర గుచ్చింది. సర్రున దిగింది. "ఇటు వద్దు!" అని అరిచింది. పక్కకి జరిగి మళ్ళీ గుచ్చింది. మళ్ళీ సర్రుమంది. "ఇటూ వద్దు!" మూడోసారి ఇంకాస్త పైన గుచ్చింది. ఠక్కుమంది. "ఇటు రండి!"

అది చూపించిన చోట మువ్వమ్మ మంచు తొక్కింది. తొక్కిన చోట గంభీరయ్య నడిచాడు. చెప్పు లేని కాలు ప్రతి అడుగుకీ దిగబడేది. పీక్కునేవాడు. మళ్ళీ దిగబడేది. మళ్ళీ పీక్కునేవాడు. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. చిందు ముందరి కాళ్ళు కర్ర పట్టుకుని పట్టుకుని బొబ్బలెక్కాయి. అయినా గుచ్చని చోటికి ఎవరినీ రానివ్వలేదు.

మంచు పడడం మొదలైంది. మువ్వమ్మ ఆగిపోయింది. "కాస్త కూర్చుంటానే" అంది.

"కూర్చోవద్దు అత్తా! కూర్చుంటే లేవలేవు. ఈ ఒక్క గుచ్చు దాకా రా. తర్వాత ఇంకొక్కటి" అంది చిందు.

అలా ఒక్కొక్క గుచ్చు లెక్కన కొండ ఎక్కారు. వెలుగు పోకముందే, మంచు తెర అవతల నుంచి "మే..." అని సన్నగా వినబడింది. మువ్వమ్మ మెడలోని మువ్వ గలగలా ఊపింది.

రాతి పాకలో బొద్దమ్మ పేరుకే బొద్దమ్మ. ఎముకలు తేలిపోయి ఉంది. మోపు విప్పగానే గబగబా తింది. కాసేపటికి పాలు చేపాయి. పిల్ల తోక ఆడిస్తూ తాగింది. ఆ చప్పుడు వింటూ ముగ్గురూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు.

"మంచు ఆగాక ఇంకో మోపు తెస్తా. దారి తెలిసింది" అన్నాడు గంభీరయ్య.

బొద్దమ్మ చిందుని చూసి, "ఏమే పిల్లా, నువ్వయితే మధ్యాహ్నానికే వచ్చేసేదానివి కదా! వీళ్ళతో పాటు ఇంతసేపు ఎందుకు నడిచావు?" అని అడిగింది.

చిందు తన బొబ్బల కాళ్ళు ఊదుకుంటూ, "నేనొక్కదాన్నే వస్తే నువ్వేం తినేదానివి అత్తా? గడ్డంతా మావయ్య వీపు మీదే ఉంది" అంది.

నీతి: ముందు నడిచేవాళ్ళు తమ కాళ్ళకి సరిపడే దారి కాదు, వెనక బరువు మోసుకొచ్చేవాళ్ళ కాళ్ళకి సరిపడే దారి వెతకాలి.