దొరసాని పట్టే కత్తి

"గురువుగారూ, కోయని కత్తి కత్తెలా అవుతుంది?"

శిష్యుడు యోర్గ్ ఈ మాట అడగడం ఆ వారంలో ఎన్నోసారో. ఓస్వాల్ట్ గురువు ఎప్పటిలాగే కత్తి పిడి మీది బంగారు తీగను గుడ్డతో తుడుస్తున్నాడు. మధ్యయుగాల నాటి ఆ జర్మన్ పట్టణంలో ఉత్సవాలకు కత్తులు చేసేది ఆయనే.

యోర్గ్‌కు మాత్రం కాలు నిలవడం లేదు. వీధి చివర యుద్ధపు కత్తులు చేసే కుర్రాళ్ళు అతను కనిపిస్తే చాలు, "ఏం బాబూ, మీ కత్తికి వెన్నయినా తెగుతుందా?" అని నవ్వేవాళ్ళు. ఇక్కడ మానేసి వాళ్ళ దగ్గరే చేరిపోదామని సగం నిశ్చయించుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఊరిని ఏలబోయే కొత్త దొరసాని ఊరి ముందు ప్రమాణం చేయాలి. కత్తి అందుకే. ఒర తేవడానికి గురువు అటు వెళ్ళగానే, యోర్గ్ దాన్ని సానరాయి మీద పెట్టాడు. గుర్రపు వెంట్రుక ఒకటి అంచుకు ఆనించి చూశాడు. తెగిపోయింది. అతని ఛాతీ ఉప్పొంగింది.

గురువు తిరిగొచ్చి అంచులు చూశాడు. తిట్టలేదు. పిడి తాను పట్టుకుని, పొడవాటి ఉక్కు అలుగును శిష్యుడి వైపు చాచాడు.

"పైవూరివాడివి, ఇక్కడి ప్రమాణం నువ్వు చూడలేదు కదూ? పిడి పట్టుకునేది ఊరి పెద్ద. ఆ పెద్ద నేననుకో. నువ్వు దొరసానివి, మీసం సంగతి తర్వాత చూద్దాం. అలుగును గుప్పిట బిగించి చెప్పు: ఈ ఊరివాళ్ళ మీద కత్తి ఎత్తనని."

యోర్గ్ చెయ్యి చాచాడు. వేళ్ళు అంచు దాకా వెళ్ళి ఆగిపోయాయి.

"పట్టుకోండి, దొరసానీ."

"తెగుతుంది, గురువుగారూ."

"తెగుతుంది మరి. పదును బాగానే పెట్టావు."

కోట వైపు బాకాలు మోగాయి.  యోర్గ్ కత్తిని లాక్కున్నంత పని చేసి, గరుకు రాయితో అంచులు అరగదీయసాగాడు. బాకాల మోత వీధి మలుపుకు వచ్చేసరికి ఆపి, కళ్ళు మూసుకుని, అలుగును గుప్పిట బిగించాడు. తెగలేదు. నమ్మకం చాలక చెయ్యి పైకీ కిందికీ జరిపి చూశాడు. అప్పుడూ తెగలేదు.

ఊరి పెద్ద వచ్చి కత్తి తీసుకెళ్ళాడు. యోర్గ్ గుమ్మంలోనే నిలబడి, ఎర్రబడిన అరచేతిని చూసుకుంటున్నాడు.

"అయినా గురువుగారూ, దాన్ని కత్తంటారా?"

"పదునున్నదానికి పట్టు ఒక కొసనే ఉంటుంది," అన్నాడు గురువు. "ప్రమాణపు కత్తికి రెండు కొసల్లోనూ ఉండాలి."